మిద్దె మీద సోలార్: ఇన్వర్టర్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంది?

మీ ప్రశ్న: "బెంగళూరులో 30-40 సైటులో సొంతిల్లు. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామనుకుంటున్నాం. ఏ కంపెనీ ప్యానెల్ మంచిది? ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు అనుభవం చెప్పగలరా?"

మాది హొరమావు వైపు. మీలాగే 30-40 సైటు, కింద మేము, పైన అద్దెకు. 2024 ఆగస్టులో 3 కిలోవాట్లు పెట్టించాం. మిమ్మల్నీ పెట్టించమనే చెప్తాను. కానీ ప్యానెల్ కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే డబ్బా, అంటే ఇన్వర్టర్, దాని అకౌంటు ఎవరి చేతిలో ఉంటుందని. అది మాకు ఎవరూ చెప్పలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ప్యానెల్ సంగతి. కేంద్రం సబ్సిడీ కావాలంటే ఇక్కడ తయారైన సెల్స్‌తో ఇక్కడే చేసిన ప్యానెళ్లు పెట్టాలి. పేరున్న కంపెనీ ఏదైనా 25 ఏళ్ల పెర్ఫార్మెన్స్ వారంటీ ఇస్తుంది. అందులో కదిలే భాగాలు లేవు, దుమ్ము పట్టినప్పుడు కడుక్కుంటే చాలు. పీఎం సూర్యఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి రూ.30,000, మూడోదానికి రూ.18,000, మొత్తం రూ.78,000 వస్తుంది. ఇంకా పెద్దది పెట్టినా అంతే.

మీ మీటరుకు గృహజ్యోతిలో (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) సున్నా బిల్లు వస్తుంటే మాత్రం డబ్బు కోసం సోలార్ పెట్టించకండి. పాత సగటుకు 10 శాతం కలిపి, నెలకు 200 యూనిట్లు మించకుండా వాడే ఇల్లయితే కరెంటు ఎలాగూ ఉచితమే కదా. మాకు ఇద్దరం ఇంటినుంచే పని, సంపు మోటరు, గీజరు, ఎండాకాలం ఏసీ అన్నీ కలిసి 300 దాటిపోయేది. 3 కిలోవాట్లకు ఇక్కడ ఏడాది సగటున రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. మార్చిలో 14, 15 చూశాం. జూలైలో మబ్బు కమ్మేసిన రోజుల్లో 5 కూడా చూశాం. మిగులు కరెంటు బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) లైనులోకి పోతుంది, దాన్ని బిల్లులో సర్దుతారు. కానీ నికరంగా మిగిలిన యూనిట్‌కు వాళ్లిచ్చే ధర మనం కొనే ధర కంటే తక్కువ. కాబట్టి అవసరానికి మించి పెట్టించొద్దు.

సేల్స్‌వాళ్లు దాటవేసే విషయం ఒకటి. బ్యాటరీ లేని మామూలు సోలార్‌లో బయట కరెంటు పోతే ఇంట్లో కూడా పోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు మన ఇంటినుంచి షాక్ తగలకూడదని ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. అలా ఆగడమే సరైనది. కరెంటు పోయినప్పుడు కూడా కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టించుకోవాలి, ఖర్చు బాగా పెరుగుతుంది.

ఇక అసలు విషయం, ఇన్వర్టర్.

మా మిద్దె మీద ప్యానెళ్లను కింద మనిషి నడిచేంత ఎత్తులో బిగించారు. పక్కన ఎండ పడేచోట మా అత్తయ్య వేసవిలో వడియాలు పెడతారు. 2025 ఏప్రిల్‌లో ఒక రోజు పదకొండున్నరకి వడియాలు తిప్పి కిందికొచ్చి, "మెట్ల గదిలో ఆ డబ్బాకి ఎర్ర లైటు వెలుగుతోందమ్మా. నిన్న కూడా ఇదే టైముకి వెలిగింది" అన్నారు. యాప్‌లో చూస్తే 14 రావాల్సిన యూనిట్లు వారం నుంచి 9 దగ్గరే ఆగుతున్నాయి. నేను మీటింగుల్లో పడి గమనించలేదు.

మా ఇన్వర్టర్‌కు స్క్రీన్ లేదు, మూడు లైట్లు మాత్రమే. యాప్‌లో మాకు ఇచ్చింది చూసే అకౌంటు, అందులో రోజుకు ఎన్ని యూనిట్లో తప్ప ఇంకేమీ కనబడదు. ఎర్రర్ కోడ్, వోల్టేజి, ఎన్నిసార్లు ఆగిందనే లాగ్, ఇవన్నీ ఇన్‌స్టాలర్ లాగిన్‌లో ఉంటాయట. పెట్టిన డీలరుకు ఫోన్ చేశాను. మనిషి రావడానికి పది రోజులన్నాడు. పోనీ లాగిన్ ఇవ్వండి, నేనే కోడ్ చూసి చెప్తానంటే, "అది కంపెనీ సాఫ్ట్‌వేర్ మేడం, కాపీరైట్ ఉంటుంది, కస్టమర్‌కి ఇవ్వకూడదు" అన్నాడు. కంపెనీ కస్టమర్ కేర్‌కు చేస్తే, ఈ ప్లాంటు డీలరు ఈమెయిల్ మీద రిజిస్టర్ అయ్యింది, ఆయన ఒప్పుకుంటేనే మార్చగలం అన్నారు. రెండు లక్షలకు దగ్గరగా డబ్బు మాది, మిద్దె మాది, కరెంటు మాది. అకౌంటు మాత్రం వేరే ఎవరిదో. నాకు నిజంగా కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

ఇన్వర్టర్ అడుగున రబ్బరు మూత కింద ఆర్ఎస్-485 అనే పోర్టు ఉంటుంది. చాలా కంపెనీలవాటికి ఉంటుంది. రెండే వైర్లు. దాని మీద మాట్లాడే భాష మోడ్‌బస్, 1979లో ఫ్యాక్టరీ కంట్రోలర్ల కోసం పుట్టింది. అందరికీ తెరిచి ఉన్న పద్ధతే. ఏ నంబర్ గదిలో (రిజిస్టర్ అంటారు) ఏ విలువ ఉంటుందన్న జాబితాను మాత్రం కంపెనీ ఇవ్వదు. అదే మోడల్ ఉన్న ఎవరో ఓపికగా కనిపెట్టి నెట్‌లో పెట్టారు, ఆ పుణ్యాత్ములకు దండం. ఎస్పీ రోడ్డులో కొన్ని వందలు పెట్టి యూఎస్‌బీ కన్వర్టర్ తెచ్చుకున్నాను. నాది టెస్టింగ్ ఉద్యోగం కాబట్టి పది సెకన్లకోసారి చదివే చిన్న ప్రోగ్రాము రాసుకోవడం పెద్ద కష్టం కాలేదు.

మర్నాడు పొద్దున పదికి 244 వోల్టులు. పదకొండుకు 249. పదకొండూ నలభైకి 254, ఠక్కున ఆగిపోయింది. కొద్ది నిమిషాలకు మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. మన లైనులో ఉండాల్సిన 230 వోల్టులకు పది శాతం కలిపితే 253. ఆ హద్దు దాటితే గ్రిడ్ నుంచి విడిపోవాలన్నది నియమం. ఇన్వర్టర్ తన పని తాను సరిగ్గానే చేస్తోందన్నమాట.

మాకు ఎప్పుడూ పనిచేసే ఎలక్ట్రీషియన్‌ది మదనపల్లె వైపు. పిలిస్తే మధ్యాహ్నం వచ్చాడు. అతను మీటరు దగ్గర మల్టీమీటరు పెట్టి "247 అక్కా" అని కిందినుంచి అరిచాడు. అదే క్షణంలో నా ల్యాప్‌టాప్‌లో 254. ఏడు వోల్టుల తేడా, అప్పుడు లైనులోకి పోతున్నది 12 ఆంపియర్లు. గుణిస్తే 84 వాట్లు. అంటే మా ఇన్వర్టర్‌కీ మీటరుకీ మధ్య ఎక్కడో ఒక పాతకాలపు బల్బు కాలినంత వేడి, బల్బు లేకుండానే పుడుతోంది.

మెయిన్ ఆపేసి, మెట్ల గోడ మీదున్న ఏసీ బాక్సు (ఇన్వర్టర్ నుంచి మీటరుకు పోయే వైర్లు కలిసే పెట్టె) విప్పాడు. న్యూట్రల్ వైరు తొడుగు రెండంగుళాల మేర గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే పెళుసుగా రాలింది. కాలిన ప్లాస్టిక్ వాసన. "స్క్రూ బిగించనే లేదక్కా, లాగితే చేతికొచ్చేస్తోంది చూడండి." వైరు కత్తిరించి, కొత్త లగ్గు కొట్టి, బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మర్నాడు 14.2 యూనిట్లు వచ్చాయి.

ఆ బాక్సు కిందే మేము పాత పేపర్ల కట్టలు పేర్చి పెట్టేవాళ్లం. అది తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ఎర్రర్ కోడ్ దాచిపెడితే పోయేది రోజుకు నాలుగైదు యూనిట్లే అనుకోకండి. పది రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో.

ఇప్పుడు ఆ కాపీరైట్ మాట. మా వైరులో ఎన్ని వోల్టులున్నాయన్నది ఎవరి రచనా కాదు, దాని మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. ఇన్వర్టర్ లోపలి సాఫ్ట్‌వేర్ మీద కంపెనీకి కాపీరైట్ ఉన్నమాట నిజమే, దాన్ని నకలు తీసి అమ్ముకుంటే తప్పే. కానీ మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 చదవండి. ప్రోగ్రామును చట్టబద్ధంగా కలిగి ఉన్నవాళ్లు అది ఎలా పనిచేస్తుందో గమనించడం, పరీక్షించడం, వేరే ప్రోగ్రాముతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం సులువుగా దొరకనప్పుడు రాబట్టుకోవడం ఉల్లంఘన కాదని అందులోనే ఉంది. 2012 సవరణలో డిజిటల్ తాళాలకు రక్షణగా 65ఏ చేర్చారు, దానికి రెండేళ్ల దాకా జైలు కూడా ఉంది. అయితే అది హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విప్పినవాళ్లకు. తన ఇంట్లో కాలిపోతున్న జాయింటు వెతుక్కునేవాళ్లకు కాదు.

అమెరికాలో 1998 నాటి చట్టం ఇంతకంటే కఠినం. అక్కడ రైతులు తమ సొంత ట్రాక్టరు సాఫ్ట్‌వేర్ తెరిచి రిపేరు చేసుకోవడానికి 2015లో ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. మన చట్టం ఈ విషయంలో మేలు. కానీ షాపు కౌంటరు దగ్గర "కాపీరైట్ మేడం" అనగానే మనం వెనక్కి తగ్గుతాం. మన వినియోగదారుల శాఖ 2022లో రిపేరు హక్కు కోసం కమిటీ వేసి వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. పాతికేళ్లు మిద్దె మీద ఉండే సోలార్ కూడా ఆ వరసలో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. చదవడం వేరు, మార్చడం వేరు. 253 హద్దును 260కి పెంచితే ఎర్ర లైటు పోతుంది, మా ఎలక్ట్రీషియన్ కూడా ఆ మాట విన్నానన్నాడు. అలా చేసి ఉంటే జాయింటు కాలుతూనే ఉండేది, పక్కింటి వస్తువులకూ ముప్పే. ఆ సెట్టింగులకు తాళం ఉండాలి, దాన్ని నేను ముట్టను. నాకు కావలసింది నా మెషిన్ ఏం చెప్తోందో వినే హక్కు.

తాళం పూర్తిగా దూరంలో ఉన్నవాళ్ల చేతిలో ఉంటే ఏమవుతుందో 2024 నవంబరులో అమెరికాలో కనబడింది. చైనాలో తయారైన ఇన్వర్టర్లు కొన్ని, ఆ దేశంలో వాడటానికి అనుమతి లేదని స్క్రీన్ మీద చూపిస్తూ పనిచేయడం ఆపేశాయి. కంపెనీల మధ్య గొడవ ఏదైనా కానీ, ఇంటివాళ్లు డబ్బు పెట్టి కొన్నదే కదా.

మా అమ్మవాళ్ల ఊరు మడకశిర వైపు, అక్కడినుంచి పావగడ దగ్గర. 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు అక్కడే ఉంది. ఆ ఊళ్లలో సగం మాట తెలుగే. అక్కడ రైతుల భూమి కొనలేదు, ఎకరానికి ఏడాదికి రూ.21,000 నుంచి మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. భూమి లేని కూలీలకు పని పోయిందన్న బాధ ఉంది, అది చిన్న విషయం కాదు. కానీ కౌలుకిచ్చిన రైతుకు ఒక ధైర్యం ఉంది. పొలం నిండా అద్దాలున్నా పట్టా తన పేరునే ఉంది. పూర్తి డబ్బు కట్టి కొన్న నాకు ఆ పట్టా లేకపోయింది.

కాబట్టి చివరి చెక్కు ఇచ్చేముందు, ఆ చెక్కు మీ చేతిలో ఉన్నప్పుడే, ప్లాంటు మీ ఈమెయిల్ మీద ఓనరుగా రిజిస్టర్ చేయించండి. డీలరును మీరు చేర్చుకున్న మనిషిగా పెట్టండి. ఎర్రర్ కోడ్లు, వోల్టేజి, లాగ్ మీ ఫోనులో కనిపిస్తున్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఇంటర్నెట్ లేకపోయినా ఇన్వర్టర్ నడుస్తుందా అని రౌటరు ఆపి చూడండి. ఆర్ఎస్-485 పోర్టు, మోడ్‌బస్ రిజిస్టర్ల జాబితా ఇస్తామని కొటేషన్‌లో రాయించండి, నోటిమాట వద్దు. స్క్రీన్ ఉన్న మోడల్‌కు కొంచెం ఎక్కువైనా పెట్టండి. ఏసీ బాక్సులో ప్రతి స్క్రూ మీ ముందే బిగించమనండి. నెల తర్వాత మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం మీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీటరు దగ్గర ఎంత, ఇన్వర్టర్ దగ్గర ఎంత అని ఒకసారి పోల్చి చూడండి. రెండు మూడు వోల్టులకు మించి తేడా ఉంటే బాక్సు విప్పించండి.

నీళ్ల ట్యాంకు నీడ ప్యానెల్ మీద పడకుండా చూసుకోవడం మర్చిపోకండి. ఒక్కదాని మీద పడ్డా ఆ వరసలో వచ్చే కరెంటు తగ్గుతుంది.

మీకొచ్చిన కొటేషన్‌లో ఇన్వర్టర్ మోడల్ నంబరు ఉంటే కింద రాయండి. దానికి పోర్టు ఉందో లేదో, రిజిస్టర్ల జాబితా ఎక్కడైనా దొరుకుతుందో చూసి ఈ ఆదివారంలోగా చెప్తాను.