ఫిజీ డేకి ఊళ్ళో దిగేముందు - బాబాయ్ ఉత్తరం

అబ్బాయ్‌కీ, కోడలికీ ఆశీస్సులు.

ఫిజీలో సావుసావు రేవులో మీ పడవకి మూరింగ్ (నీళ్ళలో కట్టేసుకునే చోటు) దొరికిందని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాం, మీ పిన్ని ఆ ఫోటో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తోంది. అక్టోబర్ 10న, ఫిజీ స్వాతంత్ర్య దినం నాడు, రాజధాని సువా వెళ్ళి పెరేడ్ చూడాలా, ఏదైనా దీవిలో ఊళ్ళో ఉండాలా అని అడిగావు కదా. ఊళ్ళోనే ఉండండి. కాకపోతే పండగ రోజు పొద్దున్నే డింగీలో (ఒడ్డుకి చేర్చే చిన్న పడవలో) వచ్చి కెమెరాలతో దిగిపోయి సాయంత్రానికి వెళ్ళిపోయే బాపతు కావద్దు, నాలుగైదు రోజులు ముందే వెళ్ళి లంగరు వేసుకోండి, పిల్లలు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేదాకా ఉండండి. నేను చెప్పే మిగతావన్నీ దీని తర్వాతే.

నేనైతే ఒవలావు దీవి వైపే వెళ్ళమంటాను. దారిలో మకొంగై దీవిలో ఆగచ్చు. ఒవలావులోని లెవుకా పోర్ట్ ఆఫ్ ఎంట్రీ, అంటే విదేశీ పడవలు కాగితాలు చూపించే రేవు, కాబట్టి సావుసావులో కస్టమ్స్ దగ్గర కాగితం తీసుకుని లెవుకాలో మళ్ళీ చూపించాలి, ఆ పని 10వ తేదీకి బాగా ముందే చేసుకో, సెలవు రోజు ఆఫీసర్ని పిలిస్తే ఓవర్‌టైమ్ ఫీజు పడుద్ది, పైగా పండగ పూట వాళ్ళని ఇంట్లోంచి లాగడం నాకు నచ్చదు. రీఫ్‌లో (పగడపు దిబ్బల మధ్య) దారి దాటేది మాత్రం ఎండ నెత్తిమీద ఉన్నప్పుడే, పది నుంచి మూడు మధ్య, ఒకళ్ళు పోలరాయిడ్ కళ్ళజోడు పెట్టుకుని ముందు నిలబడి చూస్తుండాలి. ప్లాటర్ (పడవలోని ఎలక్ట్రానిక్ మ్యాప్) చూసి నమ్మేయొద్దు.

లెవుకాయే ఎందుకంటే కథంతా అక్కడే మొదలైంది. 1874 అక్టోబర్ 10న ఫిజీ రాజు దాకొంబౌ, మిగతా పెద్దలు దీవుల్ని బ్రిటిష్ వాళ్ళకి అప్పజెప్తూ సంతకాలు పెట్టింది అక్కడే, ఊరి చివర నసోవాలో గుర్తుగా రాయి ఉంటుంది, నడిచి వెళ్ళి చూడండి. మళ్ళీ 96 ఏళ్ళకి అదే తారీఖున, 1970లో, సువా ఆల్బర్ట్ పార్కులో ప్రిన్స్ చార్లెస్ వచ్చి స్వాతంత్ర్యం కాగితాలు ఫిజీ మొదటి ప్రధాని రాతూ మారా చేతిలో పెట్టాడు. ఇంకోటి, 1879 మేలో గిర్మిట్ కూలీల్ని, అంటే ఒప్పందం మీద ఇండియా నుంచి వెళ్ళిన కూలీల్ని, తెచ్చిన మొదటి ఓడ లియోనిడాస్ కూడా ముందు లెవుకా దగ్గరే ఆగింది. 1903 నుంచి మద్రాసు రేవులోంచి కూడా ఓడలు వచ్చాయి, వాటిల్లో మన విశాఖపట్నం వైపు వాళ్ళు బోలెడుమంది. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడు షాపుల్లో, టాక్సీల్లో మీకు కలుస్తారు, తెలుగు చాలామందికి రాదు, ఫిజీ హిందీ మాట్లాడతారు, అయినా మీరు ఆంధ్రా అని తెలిస్తే పట్టుకుని వదలరు, ఇంటికి రమ్మంటారు. వెళ్ళండి. ఫిజీ డే వాళ్ళ పండగ కూడానూ, ఊళ్ళో ఐతౌకేల (అక్కడి మూలవాసుల) ఇళ్ళకి వెళ్ళి వీళ్ళ ఇంటికి వెళ్ళకపోతే సగమే చూసినట్టు.

ఇక ఊళ్ళోకి వెళ్ళడం. సెవుసెవు, అంటే ఊరి పెద్దకి యంగోనా కానుక పెట్టి అనుమతి అడగడం, చెయ్యకుండా ఈతకి కూడా దిగొద్దు, ఆ రీఫ్, ఆ నీళ్ళు, ఆ ఇసుక అన్నీ ఊరివే. సావుసావు మార్కెట్‌లో యంగోనా (కావా పానీయం చేసే మొక్క) వేర్లు కట్టలుగా అమ్ముతారు, పొడి కాదు వేర్లే, కట్ట అరకిలో చొప్పున ఒక్కో ఊరికి ఒకటి లెక్కన కొనుక్కో, ఒకటి రెండు ఎక్కువే ఉంచుకో. ఒడ్డుకి దిగగానే ఎదురైన వాళ్ళని తురంగా ని కోరో, అంటే ఊరి పెద్ద ఇల్లు ఎక్కడని అడిగితే పిల్లలే తీసుకెళ్తారు. టోపీ తీసెయ్యాలి, నల్ల కళ్ళజోడు తీసెయ్యాలి, బ్యాగు భుజానికి కాదు చేత్తో పట్టుకోవాలి. కోడలు భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, నువ్వు కూడా సులు చుట్టుకో, లుంగీ కట్టడం వచ్చినవాడికి అదేం కష్టం కాదు. చెప్పులు గుమ్మం బయటే. లోపల చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కట్ట వాళ్ళ చేతికి ఇవ్వకుండా ముందు నేల మీద పెట్టాలి. ఆయన దాన్ని అందుకుని ఏదో మెల్లగా చదువుతాడు, పక్కనున్న వాళ్ళు చేతులు దోసిలిలా వంచి చప్పట్లు కొడతారు, ఆ చప్పుడు బోలుగా, లోతుగా ఉంటుంది, మన చప్పట్లలా టపటపా ఉండదు. ఆ తర్వాత మీరు ఆ ఊరి మనుషులే, మీ పడవకి ఏమైనా అయితే వాళ్ళే చూసుకుంటారు, నిజంగా చూసుకుంటారు.

ఆ వేర్లతో కలిపిన యంగోనా గిన్నె మీ ముందుకి వస్తే ఒక చప్పట, బూలా అని, గడగడా ఒక్కసారే తాగి గిన్నె ఇచ్చేసి మూడు చప్పట్లు. నాలుక మొద్దుబారుతుంది, కంగారు పడకండి. తక్కువ కావాలంటే లో టైడ్ అను, నవ్వుతారు కానీ కొంచెమే పోస్తారు. కూర్చున్న వాళ్ళ పక్కనించి వెళ్ళాల్సొస్తే వంగి, తులో (క్షమించండి) అంటూ వెళ్ళాలి, తనోవా (యంగోనా కలిపే పెద్ద గిన్నె) వైపు కాళ్ళు చాపొద్దు. ముఖ్యంగా ఇది గుర్తుపెట్టుకోండి: మనం చిన్న పిల్లల్ని చూస్తే చెయ్యి వాటంగా తల మీదకే వెళ్తుంది ముద్దుగా నిమరడానికి, అక్కడ తల ముట్టుకోకూడదు. కోడలికి మరీ మరీ చెప్పు, తనకి పిల్లలంటే ప్రాణం.

పండగ రోజు స్కూల్ దగ్గరే సందడంతా. లేత నీలం బట్టలు, చేతుల్లో జెండాలు, మార్చ్‌పాస్ట్, మేకే అనే వాళ్ళ సంప్రదాయ డాన్సులు, తర్వాత రగ్బీ. రియోలో 2016లో వాళ్ళకి వచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ మెడల్ రగ్బీ సెవెన్స్ బంగారమే, కాబట్టి ఆ ఆట దగ్గర అడ్డంగా మాట్లాడొద్దు, ఆడమంటే ఆడు. జెండా ఎక్కేటప్పుడు ఫోన్ జేబులో పెట్టి నిలబడు. మన పడవ మీద కూడా స్టార్‌బోర్డ్ వైపు ఎగిరే ఫిజీ జెండా ఎండకి వెలిసిపోయి ఉంటే కొత్తది కొనెయ్, ఆ ఒక్క రోజు సిగ్నల్ జెండాలన్నీ ముందు నుంచి వెనక్కి కట్టు, ఒడ్డునుంచి చూసి ఎంత సంతోషిస్తారో. డ్రోన్ అడక్కుండా ఎగరెయ్యొద్దు.

ముందు రోజు మాత్రం పని చెయ్యండి. లోవోకి, అంటే నేలలో వేడి రాళ్ళతో వండే పొయ్యికి, గొయ్యి తవ్వడం, రాళ్ళు మోయడం నీ పని, కోడలు ఆడవాళ్ళతో కూర్చుని కొబ్బరి తురిమితే చాలు. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి మూటలు కట్టి పెడతారు, పలుసామి అంటారు, మన ఇంటి చేమాకు రుచే తగుల్తుంది. కొన్నిచోట్ల అందులో కార్న్‌డ్ బీఫ్ వేస్తారు, కోడలు తినదు కాబట్టి ముందు రోజే మెల్లగా చెప్పి రెండు మూటలు వేరేగా కట్టించుకోండి, వడ్డించాక వద్దంటే బావుండదు. దుంపలు, కర్రపెండలం ఎలాగూ ఉంటాయి. మీరు ఏదైనా వండి తీసుకెళ్ళాలంటే పులిహోర చెయ్యండి, గిన్నె ఖాళీ అవుద్ది. పిల్లలకి చాక్లెట్లు పంచొద్దు, నోటుబుక్కులు, పెన్సిళ్ళు హెడ్మాస్టర్‌కి ఇవ్వండి.

రాత్రి యంగోనా చాలాసేపు సాగుతుంది. చీకట్లో రీఫ్ మధ్య డింగీ నడపాల్సింది నువ్వే, అందుకని మూడు నాలుగు గిన్నెల దగ్గర ఆపి, ఆంకర్ లైట్ సాయంత్రమే వెలిగించి, హెడ్‌లాంప్ దగ్గరుంచుకో. పక్కన ఆదివారం పడితే ఆ రోజు చేపలు, ఈత, మోటార్ సౌండ్ ఏవీ వద్దు, చర్చికి వెళ్ళి వెనక కూర్చోండి, ఆ పాటలు వింటుంటే లేవబుద్ధి కాదు.

నవంబర్ నుంచి సైక్లోన్ సీజన్ కాబట్టి అప్పటికి అందరూ న్యూజిలాండ్ వెదర్ విండో (అక్కడికి ప్రయాణానికి వాతావరణం అనుకూలించే సమయం) అంటూ తొందరపడుతుంటారు, నిన్నూ తొందరపెడతారు. పండగ మర్నాడే లంగరు ఎత్తెయ్యొద్దు, ఒక రోజు ఉండి గ్రౌండ్ శుభ్రం చెయ్యడానికి వెళ్ళు. బయల్దేరే ముందు మిగిల్చిన కట్ట పట్టుకుని ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళి సెలవు అడగండి, చెప్పకుండా పోయిన వాళ్ళ గురించి వాళ్ళు ఏమీ అనరు, కానీ గుర్తుంచుకుంటారు.

మార్కెట్‌లో యంగోనా కొన్నాక ఫోటో పెట్టు, వేర్లు బాగున్నాయో లేదో చూసి చెప్తాను. కోడలికి పులిహోర పొడి పార్సెల్ చేద్దామంటోంది మీ పిన్ని, బయోసెక్యూరిటీ వాళ్ళు పట్టుకుంటారే బాబూ అని ఆపాను, అక్కడి ఇండియన్ షాపుల్లో అన్నీ దొరుకుతాయి.

మీ బాబాయ్