ఒక్క ఫోటో దగ్గర ఆగి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. వెలుతురును చక్కగా పట్టుకున్నావు. కానీ ఎదురుగా నువ్వు ఉన్నావన్న స్పృహ ప్రతి ముఖంలోనూ కనబడుతోంది. అది పోవాలంటే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసన్ తీసిన పోర్ట్రెయిట్లు చూడు. ఆల్బమ్ తిరగేసినట్లు చూడవద్దు, ఒక్కదాని దగ్గర ఆగు.

1961లో పారిస్‌లోని ఒక గ్యాలరీలో ఆయన తీసిన జాకొమెట్టి ఫోటో ఉంది. ఆ శిల్పి తన విగ్రహాన్ని చేతుల్లో పట్టుకుని, ముందుకు వంగి గబగబా వెళుతున్నాడు. కదలికలో మనిషి అలుక్కుపోయాడు. జాకొమెట్టే చేసిన నడిచే మనిషి శిల్పం మాత్రం స్పష్టంగా ఉంది. ఇద్దరి అడుగూ ఒకటే! ముఖం సరిగా కనబడకపోయినా ఆ మనిషెవరో తెలిసిపోతుంది. ఫోకస్ కుదరలేదని నువ్వు తీసేస్తున్న ఫోటోలను ఇది చూశాక మరోసారి వెతుకు.

1944లో ఫ్రాన్స్‌లోని వాన్స్‌లో తీసిన మతీస్ ఫోటోలో ఆ చిత్రకారుడు ఒక చేత్తో పావురాన్ని పట్టుకుని, రెండో చేత్తో బొమ్మ గీస్తున్నాడు. చేతులకు పని ఉన్నప్పుడు ముఖం తన దారిన తాను ఉంటుంది. కాబట్టి ఎవరినీ ఊరికే కూర్చోబెట్టకు, వాళ్ల పని వాళ్లను చేసుకోనివ్వు.

బ్రెసన్ వీళ్లను చాటుగా తీయలేదు. మతీస్ దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాడు, జాకొమెట్టి ఆయనకు స్నేహితుడే. సహజత్వం ఆ చనువు నుంచే వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. దూరం నుంచి పెద్ద లెన్సుతో దొంగచాటుగా తీసేవాళ్ల దారి పట్టకు. అయితే ప్రతిసారీ కాచుకోవాలనీ లేదు. శాస్త్రవేత్తలైన జోలియో క్యూరీ దంపతుల ఫోటో తలుపు తెరుచుకున్న క్షణంలోనే తీశాడు, పలకరింపు ఆ తర్వాతే.

బ్రెసన్ సరంజామా ఇంతే: చిన్న లైకా కెమెరా, ఎక్కువగా 50 ఎంఎం లెన్సు, ఫ్లాష్ లేదు, మెరిసే భాగాల మీద నల్ల టేపు. ఇందులో నువ్వు తీసుకోవలసింది ఒకే లెన్సుకు కట్టుబడటం. అప్పుడు కెమెరా ఎత్తకముందే ఫ్రేములో ఎంత పడుతుందో కంటికి తెలుస్తుంది. ఆయన ఫోటోల్లోని నలుపు తెలుపుల సంగతి ఇప్పుడు పట్టించుకోకు, రంగు తీసేసినంత మాత్రాన ముఖంలోని బిగువు పోదు.

ముందు నీకు బాగా తెలిసిన ఒక్కరిని ఎంచుకో. కెమెరా ఒడిలో పెట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చో. వద్దంటే ఆపేయి. వాళ్లు కెమెరాను చూడటం మానేశాక తీసినవన్నీ, చెడిపోయినవాటితో సహా, నాకు పంపు.