రిపాజిటరీ పెట్టబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశాను. మీ థీసిస్‌లు, పేపర్లు ఆన్‌లైన్‌లో దాచి అందరికీ చూపించే రిపాజిటరీకి ఏ సాఫ్ట్‌వేర్, డీస్పేస్ పెట్టాలా ఈప్రింట్స్ పెట్టాలా అని అడిగావు, చెప్తా గానీ ముందు నాకో సంగతి చెప్పు, నువ్వు అక్కడ్నించి ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఆ సర్వర్‌ని ఎవరు చూసుకుంటారు? దానికి జవాబు లేకపోతే ఏది పెట్టినా ఒకటే, కొన్నాళ్లకి లింకులు తెరుచుకోవు, ఎవడూ పట్టించుకోడు. ఇవి రెండూ ఓపెన్ సోర్సే, కానీ ఓపెన్ సోర్స్ అంటే లైసెన్స్ డబ్బు కట్టక్కర్లేదు, కోడ్ మన చేతిలో ఉంటుంది, అంతవరకే. సర్వర్ ఖర్చు, మనిషి జీతం ఎక్కడికీ పోవు, ఈ మాట మీ పైవాళ్లకి మొదటి మీటింగ్‌లోనే చెప్పేయ్.

ఇక సాఫ్ట్‌వేర్ల సంగతి. ఈప్రింట్స్ 2000లో ఇంగ్లండ్ సౌతాంప్టన్ యూనివర్సిటీలో పుట్టింది, పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు, ఫ్యాకల్టీ పేపర్లు ఎక్కువగా ఉండే చోట బాగానే నడుస్తుంది, కాకపోతే పెర్ల్ తెలిసిన కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కడ దొరుకుతారు చెప్పు. డీస్పేస్ 2002లో ఎంఐటీ లైబ్రరీస్, హెచ్‌పీ కలిసి తెచ్చింది, జావా మీద నడుస్తుంది, వెనక పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, సెర్చ్‌కి సోలర్ అనే ఇంజిన్. 2021లో 7వ వెర్షన్ వచ్చాక మొత్తం మారిపోయింది, వెనక సర్వర్ వేరు, ముందు కనపడే పేజీలు (యాంగ్యులర్ అనే వెబ్ టూల్‌తో చేసినవి) వేరు, అందుకే పాత ట్యుటోరియల్ పట్టుకుని ఇన్‌స్టాల్ మొదలెట్టకు, సగం స్టెప్పులు ఇప్పుడు లేనే లేవు. ర్యామ్ కూడా పాతదానికన్నా బాగా తింటుంది.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. గ్రీన్‌స్టోన్ న్యూజిలాండ్ వైకాటో యూనివర్సిటీ వాళ్లది, నెట్ లేని చోట కూడా కలెక్షన్ చూపించాలంటే మంచిది, కానీ స్కాలర్లు వాళ్లంతట వాళ్లు అప్‌లోడ్ చేసి నువ్వు అప్రూవ్ చేసే పద్ధతి కావాలంటే నీకు సరిపడదు. ఫెడోరా అయితే పునాది లాంటిది, పైన ఇల్లు మనమే కట్టుకోవాలి, వెబ్‌సైట్లు కట్టే డ్రూపల్‌తో కలిపిన ఐలాండోరా అలాంటి ఇల్లే. ఇన్వేనియో యూరప్‌లోని ఫిజిక్స్ పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లది, రీసెర్చ్ డేటా, పేపర్లు పెట్టుకునే జెనోడో సైట్ నడిచేది దాని మీదే, డేటాసెట్లకి భలే ఉంటుంది గానీ పైథాన్ డెవలపర్ పక్కనే ఉండాలి.

మీ దగ్గర థీసిస్‌లే ఎక్కువ, ఉన్నది ఒక్క సిస్టమ్ అడ్మిన్, కాబట్టి డీస్పేస్ పెట్టు. అది అన్నిటికన్నా గొప్పదని కాదు, వాడేవాళ్లు ఎక్కువ, నీకొచ్చే డౌట్ ఈపాటికే ఎవరో అడిగేసి ఉంటారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఇన్‌స్టాల్ చేశాక ప్రతి ఐటమ్‌కీ హ్యాండిల్ అని ఒక శాశ్వత అడ్రస్ వస్తుంది, డిఫాల్ట్‌గా దాని ముందు 123456789 ఉంటుంది. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు, సైట్లో అంతా బాగానే కనిపిస్తుంది కదా అని. కానీ అది ఉత్తుత్తి నంబర్, ఈ అడ్రస్‌ల నుంచి అసలు పేజీకి పంపే హ్యాండిల్ సర్వర్‌కి వెళ్లి కొడితే మీ థీసిస్ రాదు, రేపు డొమైన్ మారితే ఎవరెవరో తమ పేపర్లలో రాసుకున్న లింకులన్నీ గాల్లో కలిసిపోతాయి. ఏడాదికి ఓ చిన్న ఫీజు కట్టి సొంత ప్రిఫిక్స్, అంటే ఆ ముందు నంబర్, తీసుకో, అదీ మొదటి ఐటమ్ ఎక్కించకముందే.

తర్వాత మెటాడేటా, అంటే ప్రతి ఐటమ్ గురించి రాసే పేరు, ఆథర్, తేదీ లాంటి వివరాలు. వాటిని రాయడానికి వాడే డబ్లిన్ కోర్ అనే పద్ధతిలో మూల ఫీల్డులు 15, చూడ్డానికి చిన్నదే, గొడవంతా మనం నింపే తీరులో ఉంటుంది. ఒకే ఆథర్ పేరు ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఇనీషియల్ మాత్రమే, అప్పుడు బ్రౌజ్ లిస్టులో ఒక మనిషి ముగ్గురవుతాడు. తేదీ కూడా అంతే, అప్‌లోడ్ చేసిన తేదీ సిస్టమే వేసుకుంటుంది, నువ్వు నింపాల్సింది థీసిస్ వెలువడిన తేదీ. ఓఏఐ-పీఎంహెచ్ అనే రికార్డులు పంచుకునే పద్ధతి ద్వారా బయటి సర్వీసులు మన రికార్డుల్ని లాక్కెళ్తాయి, అంటే నీ తప్పులు కూడా ఊరంతా తిరుగుతాయన్నమాట.

స్కాన్ పీడీఎఫ్‌లు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడం) చేయకుండా ఎక్కించకు, లోపలి మాటలు సెర్చ్‌కి దొరకవు. జర్నల్ పేపర్ అయితే పబ్లిషర్ వేసిన పీడీఎఫ్ పెట్టొచ్చో, ఆథర్ దగ్గరున్న ఫైనల్ డ్రాఫ్టే పెట్టాలో, ఎంబార్గో, అంటే బయటపెట్టకుండా ఆపాల్సిన గడువు, ఎన్నాళ్లో ముందే చూసుకో, పెట్టేశాక తీసేయడం తలనొప్పి.

బ్యాకప్ అంటే డేటాబేస్ ఒక్కటే కాదు, ఫైళ్లు ఉండేది అసెట్‌స్టోర్ అనే ఫోల్డర్‌లో. రెండూ ఒకే సమయానివి కావాలి, ఒకటుండి ఇంకోటి లేకపోతే పేర్లున్నా ఫైళ్లుండవు, లేదా ఏ ఫైల్ ఎవరిదో తెలియని కుప్ప మిగులుతుంది. ఇంకో మెషీన్ మీద రీస్టోర్ చేసి చూడనిదాన్ని బ్యాకప్ అనుకోకు.

ఈ వారం ఇన్‌స్టాల్ జోలికి పోకు. డీస్పేస్ వాళ్లదే డెమో సైట్ ఉంది, అందులో లాగిన్ అయ్యి నాలుగు ఐటమ్స్ ఎక్కించి చూడు, మీ అడ్మిన్‌ని కూడా పక్కన కూర్చోబెట్టుకో. తర్వాత మీ థీసిస్‌లకి ఏ ఫీల్డులు కావాలో, పేర్లు ఎలా రాస్తారో ఒక పేజీ రాసి నాకు పంపు, అది చూశాక మిగతాది మాట్లాడుకుందాం.

ఉంటాను,
అన్నయ్య