అమెరికా నుంచి గింజలు, మొక్కలు తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి వచ్చే నెల వస్తూ తినడానికి చియా గింజలు, పెరట్లో నాటడానికి స్టీవియా మొక్కలు, నా షుగర్‌కు మంచిదని ఎండు జిన్సెంగ్ వేర్లు తెస్తానంటున్నది. శంషాబాద్‌లో ఇబ్బంది ఉంటుందా? కొన్ని చియా గింజలను మా చెలకలో చల్లి చూడవచ్చా?

జవాబు: ఇది తెచ్చే వస్తువు కంటే దాన్ని ఏం చేయబోతున్నారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 1914 నాటి హానికర కీటకాలు, చీడల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2003లో జారీ చేసిన ప్లాంట్ క్వారంటైన్ (విదేశీ మొక్కలతో చీడపీడలు దేశంలోకి రాకుండా చూసే) ఉత్తర్వు, విత్తనమైనా వేరైనా కొమ్మైనా, తినడానికి వచ్చేదాన్ని ఒక విధంగా, నాటడానికి వచ్చేదాన్ని మరో విధంగా చూస్తుంది.

అందుచేత తిండి కోసమని తెచ్చిన చియా గింజలను చెలకలో చల్లకూడదు. గుప్పెడు గింజలతో ఏమవుతుందని మీకు అనిపించవచ్చు; కానీ ఇవాళ మన పత్తి చేల గట్ల మీద, బీడు భూముల్లో విచ్చలవిడిగా పెరిగి, ముట్టుకుంటే దురద పుట్టించే వయ్యారిభామ, దిగుమతి చేసుకున్న గోధుమల్లో కలిసి వచ్చిందనే వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. పైగా కర్ణాటక రైతులు చియాను ఇప్పటికే పండిస్తున్నారు కాబట్టి విత్తనం అక్కడి నుంచి తెప్పించుకోండి.

స్టీవియా మొక్కలకు షరతులు మరింత గట్టివి. ముందుగా ఇక్కడ ఇంపోర్ట్ పర్మిట్ తీసుకోవాలి, మొక్కకు చీడపీడలు లేవని అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ వెంట ఉండాలి, వేర్లకు మట్టి అంటి ఉండకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా క్వారంటైన్ అధికారులు పరీక్షించిన తర్వాతే మొక్క మీ చేతికి వస్తుంది. మన నర్సరీల్లో దొరికే మొక్క కోసం ఇంత శ్రమ అక్కరలేదని నా అభిప్రాయం.

అమెరికన్ జిన్సెంగ్ వేర్లు, ముప్పున్న అడవి మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. పొడి, మాత్రలు ఆ పరిధిలోకి రావు. వేర్లే కావాలనుకుంటే సైటిస్ పత్రం అవసరమా అని మీ అమ్మాయి బయలుదేరే ముందే అక్కడి అధికారులను అడగాలి. మీరు షుగర్ మందులు వాడుతుంటే వీటి గురించి డాక్టరుకు తప్పక చెప్పండి. ఇదంతా సొంత వాడకం మాట. అమ్మకానికి తెప్పిస్తే దిగుమతిదారు కోడ్ నంబరు, ఆహారంగా అమ్మేదైతే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు కూడా ఉండాలి.

ఏది తెచ్చినా కస్టమ్స్ డిక్లరేషన్‌లో దాచకుండా రాయమనండి. రాయకుండా పట్టుబడితే 1962 కస్టమ్స్ చట్టం 111, 112 సెక్షన్ల కింద సరుకు జప్తు చేసి జరిమానా కూడా వేయవచ్చు.