అజాన్ అయిపోయాకే అసలు గొడవ

ప్రశ్న: మాది కంచిలి దగ్గర పల్లె. వెల్డర్‌గా దోహా వచ్చి 3 నెలలైంది. క్యాంపు గోడ పక్కనే మసీదు. తెల్లవారుజామున 3.15కి మైకు మోగగానే మెలకువ వచ్చేస్తోంది, మళ్ళీ నిద్ర పట్టదు. అమ్మకి ఫోన్ చేసి మాట్లాడి, 5 గంటల డ్యూటీకి తయారవుతాను. పగలంతా తల దిమ్ముగా ఉంటోంది, రూములో వాళ్ళ మీద ఊరికే కేకలేస్తున్నాను. ఏజెంటుకి కట్టిన 1,20,000 నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చినవి, వదిలేసి రాలేను. ఏం చెయ్యను?

జవాబు: తమ్ముడూ, అమ్మకి ఫోన్ చేస్తానన్నది ఒక్క ముక్కలో దాటేశావు గానీ నా చూపు అక్కడే ఆగింది. అక్కడ 3.15 అంటే మనకి 5.45. అమ్మ అప్పటికే వాకిలి తుడిచి కళ్ళాపి చల్లుతూ ఉంటుంది. "ఏట్రా బాబూ, లేచీసినావా" అని మొదలెట్టి, వడ్డీకిచ్చినాయన నిన్న మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడని చెప్పకుండా ఉంటుందా? నెలకి 3,600 ఎలా పంపాలా అని బుర్ర తిరుగుతుంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది. అజాన్ లేపుతోంది, కాదనను. కానీ అది మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఆ తర్వాత కూడా నిన్ను పడుకోనివ్వనిది ఆ ఫోనే.

ఇక ఆ చప్పుడు సంగతి. హౌరా లైను వైపు వాడివి, రాత్రిళ్ళు గూడ్సు బండి వెళ్తే మీ ఊళ్లో ఎవరైనా లేస్తారా? కొత్తగా వచ్చిన చుట్టమే ఉలిక్కిపడతాడు. అక్కడ ఆ చుట్టానివి నువ్వు, అంతే. అందులో ఏమంటున్నారో తెలుసుకుంటే కాస్త తొందరగా అలవాటవుతుంది. తెల్లవారుజాము అజాన్‌లో మాత్రం "నిద్ర కంటే ప్రార్థన మేలు" అన్న మాట రెండుసార్లు వస్తుంది, మిగతా నాలుగు పూటలా ఉండదు (నీ నిద్ర గురించే అంటున్నారన్నమాట, నవ్వుకున్నా తప్పులేదు). కాసేపాగి మళ్ళీ మైకు వస్తే అది ఇఖామత్, నమాజు మొదలవుతోందని. ఇంకెంతసేపో తెలిస్తే చెవి ఎదురుచూడటం మానేస్తుంది.

ఇంకోటి, ఈ టైము ఇలాగే ఉండదు. అజాన్ సూర్యుణ్ణి బట్టి జరుగుతుంది, జూన్‌లో అన్నిటికంటే ముందు, డిసెంబరుకి 5 గంటల దగ్గరకి పోతుంది. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు 10 నుంచి 3.30 వరకు ఎండలో పని చేయించకూడదు కాబట్టే నీ డ్యూటీ అంత పెందలాడే పెట్టారు. రెండు కష్టాలూ ఒకేసారి వచ్చి పడ్డాయి, రెండూ కలిసే తగ్గుతాయి. అందాకా రాత్రి చివరి అజాన్, ఇషా, 8 గంటల ప్రాంతంలో అవుతుంది కదా, అది వినగానే ఫోను ఛార్జింగుకి పెట్టి పక్క ఎక్కు. 8.30కి కన్ను మూతపడితే 3.15కి ఆరు గంటలు దాటి నిద్రపోయినట్టే. మళ్ళీ పట్టకపోయినా కళ్ళు మూసుకుని పడుకో, లైటు వెయ్యకు. మంచం కిటికీ పక్కనుంటే మార్చమని అడుగు. అలా కొన్ని వారాలు చేసినా తల దిమ్ము పోకపోతే డాక్టరుకి చూపించు, ఎండలో వెల్డింగ్ చేసేవాడివి, నిద్రమత్తుతో ఉండకూడదు.

ఒక్క జాగ్రత్త. చిరాకులో మసీదు గురించి వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఏదీ రాయకు. గల్ఫ్ దేశాల్లో మతాన్ని కించపరిచే మాట నేరం, జైలు దాకా పోతుంది. నమాజుకి లేచే రూమ్మేటు ఉంటే అతనితోనే చెప్పుకో, అన్నా, లైటు వెయ్యకుండా ఫోను వెలుతురులో వెళ్తావా అని. తెలుగువాడైతే ఇంకా సులువు, కడప వాళ్ళు అక్కడ బోలెడుమంది.

అమ్మతో ఈ శుక్రవారమే మాట్లాడు. అప్పు మాటలు ఇకనుంచి సెలవు రోజునే, జీతం పడ్డ రోజే వడ్డీ పంపిస్తాను, మిగతా రోజుల్లో డ్యూటీ దిగాక రెండు నిమిషాలు క్షేమం కనుక్కుంటాను అని చెప్పు. ముందు నొచ్చుకుంటుంది. తెల్లారగానే నీ గొంతు వినడం ఆవిడకీ అలవాటైపోయి ఉంటుంది మరి.