హైదరాబాద్ నుంచి లగ్జరీ క్రూజ్: ఏ కంపెనీ ధర నిజంగా తక్కువ?

బుకింగ్ పేజీలో కనిపించే రేటు చూసి నిర్ణయించుకోకండి. అది గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి పడే ధర. ఒంటరిగా వెళ్తే సాధారణంగా అదనంగా కట్టాలి.

రాయల్ కరీబియన్ చవగ్గా కనిపిస్తుంది గానీ మద్యం, వైఫై, టిప్పులు సాధారణంగా విడిగా పడతాయి. రీజెంట్ సెవెన్ సీస్ టికెట్ చూస్తే గుండె గుభేల్‌మంటుంది. కానీ అందులో డ్రింక్స్, టిప్పులే కాదు, రేవుల్లో దిగి ఊరు చూసే టూర్లు చాలావరకు కలిసే ఉంటాయి. సీబోర్న్‌లో ఆ టూర్లకు వేరే డబ్బు. సిల్వర్‌సీలో ప్రతి సూట్‌కూ బట్లర్ (గది పనులు చూసుకునే సహాయకుడు) ఉంటాడు.

సౌకర్యమంటే నా దృష్టిలో రద్దీ లేకపోవడమే. సీబోర్న్ ఒవేషన్‌లో సుమారు 600 మందే. రాయల్ కరీబియన్ వాళ్ల ఓడ ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో 5 వేలు దాటుతారు, బఫేలో ప్లేటు పట్టుకుని టేబుల్ వెతుక్కోవాల్సి రావచ్చు.

శంషాబాద్ నుంచి ఓడరేవుకి విమానం, వీసా ఖర్చులు కూడా కలిపి లెక్కేయండి. పెద్దవాళ్లతో వెళ్తుంటే చిన్న ఓడే నయం.