పాత పుస్తకాలున్న గ్రంథాలయానికి జనాన్ని రప్పించడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఊళ్లో 1920ల నాటి గ్రంథాలయం ఉంది. బీరువాల్లో పాత అచ్చు పుస్తకాలు, పత్రికల బైండు సంపుటాలు, కొన్ని తాళపత్రాలు ఉన్నాయి. పొద్దున పేపర్ చదువుకునే పెద్దాయనలు తప్ప ఎవరూ రావడం లేదు. ఏం కార్యక్రమాలు పెడితే జనం వస్తారు, పుస్తకాలు పాడవకుండా ఎలా చూపించాలి? కృష్ణా డెల్టాలో ఇలాంటి గ్రంథాలయం ఒకదాని కమిటీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

మొట్టమొదట సభలు మానేయండి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలంటే మన దగ్గర వేదిక, ముఖ్య అతిథి, శాలువా, మెమెంటో, ఫొటో. మా దగ్గరా అదే జరిగేది. రెండు గంటలు పుస్తకాల గొప్పతనం మీద ఉపన్యాసాలు నడుస్తాయి, ఒక్క పుస్తకమూ బీరువాలోంచి బయటికి రాదు. వచ్చేవాళ్లు కూడా ఊళ్లో ఏ సభ జరిగినా కనిపించేవాళ్లే.

దాని బదులు ఒక బల్ల వేయండి. దాని మీద ఐదారు పుస్తకాలు, పక్కన వాటి సంగతి తెలిసిన మనిషి ఒకరు. ఒక్కో విడతకు పది పదిహేను మందికి మించి వద్దు. ఎన్ని ఉంటే అన్నీ పేర్చేస్తే ఎవరూ దేన్నీ చూడరు.

పిల్లలకు ఏం అర్థమవుతుందని మా కమిటీలో కొందరు పెదవి విరిచారు. తీరా చూస్తే బాగా లీనమైంది వాళ్లే. ఒక పాత పుస్తకం ముఖపత్రం మీద సంవత్సరం తెలుగు అంకెల్లో ఉంది. పక్కనే అంకెల పట్టిక పెట్టి, ఇది ఏ సంవత్సరమో చెప్పమన్నాం. ౧, ౮ తేలిగ్గానే పట్టేశారు, ౬ దగ్గర కొట్టుకున్నారు. తర్వాత ఏడో తరగతి అమ్మాయి ఒకతి లోపలి పేజీ మీద వేలు పెట్టకుండా దగ్గరగా వంగి, ‘ఇక్కడ మాటల మధ్యలో తొమ్మిది ఎందుకుంది సార్?’ అని అడిగింది. అది వలపలగిలక, అంటే హల్లుకు ముందు వచ్చే ‘ర్’కు పాత అచ్చులో వాడిన గుర్తు. ‘ధర్మము’ను ‘ధమ౯ము’ అని వేసేవారు. ఇక అక్కణ్నుంచి పేజీలో ఎన్ని ‘తొమ్మిదులు’ ఉన్నాయో వెతకడం, అరసున్నలు లెక్కపెట్టడం, గట్టిగా చదివి వినిపించడం. పక్కనున్న టీచర్లు కూడా చదవడానికి తడబడ్డారు, పిల్లలకు అదో ఆనందం.

తాళపత్రాలు పెళుసుగా ఉంటాయి కాబట్టి అసలువి ఒకటో రెండో మాత్రం చూపించండి, చేతికివ్వకండి. అక్షరాలు సిరాతో రాసినవి కావు, గంటంతో, అంటే మొనదేలిన ఇనుప కలంతో గీసినవి. గీతల్లో నింపిన మసి పోయిందంటే ఆకు ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. చిన్న టార్చి పక్క నుంచి ఏటవాలుగా పట్టుకోండి, అక్షరాలు పైకి తేలతాయి. చూసేవాళ్లు ‘అరె’ అనకుండా ఉండరు. రాయించడానికి మాత్రం వేరే తాటాకు సిద్ధం చేసుకోండి. ఎండబెట్టి సాపుచేసిన ఆకులు, కమ్మరి దగ్గర సానపట్టించిన మేకు, కాస్త నూనె కలిపిన మసి, తుడవడానికి గుడ్డ చాలు. పేరు గీయడం, మసి రుద్దడం, తుడవడం. పొడుగ్గా అడ్డగీత లాగితే ఆకు చీలుతుందని పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెడతారు.

పెద్దవాళ్ల కోసం ‘మీ ఇంట్లో పాత కాగితాలు తీసుకురండి’ అని ఒక ఆదివారం పెట్టాం. తాతల నాటి దస్తావేజులు, ఉత్తరాలు, చిరిగిన పంచాంగాలు, పెళ్లి శుభలేఖలు వచ్చాయి. విలువ ఎంతో చెప్పం, కొనం, ఎలా దాచుకోవాలో మాత్రమే చెబుతామని ముందే బోర్డు పెట్టండి. లేకపోతే ‘దీనికి ఎంతొస్తుంది?’ అనేవాళ్లతోనే సాయంత్రమైపోతుంది. సెలోటేప్ అంటించొద్దు, లామినేషన్ చేయించొద్దు అన్న రెండు మాటలు చెప్పినా వాళ్లు వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

జనం రాకపోతే మనమే వెళ్లడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. మీరు అరుదైన పుస్తకాలు బయటికి పట్టుకెళ్లక్కర్లేదు. పెద్ద సైజులో ప్రింటు తీసిన నాలుగు పేజీలు బడికి తీసుకెళ్లి, అసలుది చూడాలంటే గ్రంథాలయానికి రమ్మనండి. వీలుంటే ఒకసారి వేటపాలెం సారస్వత నికేతనం చూసిరండి. 1918లో పుట్టిన గ్రంథాలయం. గాంధీ గారి చేతికర్రను అక్కడ దాచారు. కర్ర కోసం వెళ్లినవాళ్ల కళ్లు పాత పత్రికల మీద కూడా పడతాయి. మీ దగ్గర కూడా అలాంటి వస్తువో, ఊరి కథో ఒకటి ఉండే ఉంటుంది.

ఇక జాగ్రత్తలు. జ్యోతి ప్రజ్వలన వరండాలోనే కానివ్వండి, పుస్తకాల గదిలో నిప్పు వద్దే వద్దు. నీళ్లోడుతున్న పూలదండలు బల్ల దరిదాపుల్లోకి రాకూడదు. టీ, సమోసాలు బయట, తిన్నాక చేతులు కడిగి తుడుచుకున్నాకే లోపలికి. సినిమాల్లోలా తెల్ల గ్లౌజులు అక్కర్లేదు, వాటితో స్పర్శ తెలియక పేజీలు చినుగుతాయి. పొడిగా, శుభ్రంగా ఉన్న చేతులు చాలు. పాత ఫొటోలు పట్టుకునేటప్పుడు మాత్రం గ్లౌజులు మంచివే. పుస్తకాన్ని బల్లపరుపుగా తెరవకుండా రెండు వైపులా దిండ్లు పెట్టి సగమే తెరవండి. కెమెరా ఫ్లాష్ వద్దు, కిటికీ ఎండ అసలే వద్దు. ఒకసారి ఓ అతిథి ఉత్సాహంగా వేలు తడిచేసుకుని పేజీ తిప్పబోతుంటే మా లైబ్రేరియన్ గారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ అతిథికి కోపం వచ్చింది. రానివ్వండి.

డబ్బు సంగతి: బల్ల కార్యక్రమానికి పెద్ద ఖర్చు ఉండదు. ప్రదర్శన, వర్క్‌షాప్ లాంటివి పెద్దగా చేయాలంటే గ్రంథాలయాలకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ సహాయ పథకాలు చూడండి. కాగితాల పని ఓపికగా చేయాలి.

స్కానింగ్ పెట్టుకుంటే కాపీరైట్ చూసుకోండి. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు దాటినవైతే ఇబ్బంది లేదు. అలాంటి పుస్తకాలు తెలుగు వికీసోర్స్‌లో (ఎవరైనా ఉచితంగా చదువుకోగల ఆన్‌లైన్ గ్రంథాలయం) పెట్టి, డిగ్రీ పిల్లలతో అచ్చుతప్పులు దిద్దించవచ్చు. కాలేజీ వాళ్లను రప్పించడానికి నాకు తెలిసినంతలో ఇదే మంచి దారి.

వచ్చిన ప్రతి ఒక్కరి పేరు, ఫోన్ నంబరు రిజిస్టర్‌లో రాయించుకుని, తర్వాతి నెల కార్యక్రమం వారం ముందు వాట్సాప్‌లో పంపండి. ఫ్లెక్సీ కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది. అయితే బీరువాల గదిలో కప్పు కారుతుంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి, వానాకాలం రాకముందే అది బాగుచేయించండి.